కప్పు తట్టే మనిషి

మా మామ మా ఇంట్ల అడుగువెట్టి
మంచినీళ్లు తాగకముందే
గోడను తట్టిండు.

కాజీపేటల ప్యాసింజర్ గంటంబావు లేటు.
మెట్లు దిగేటప్పుడు సంచి ఇయ్యమంటె ఇయ్యలే.
"అల్లుని చేతికి బరువిస్తనా" అని
చింతపండు, మక్కపిండి, రెండు ఆనిగెపుకాయలు
అన్నీ ఒక్క భుజానికే ఏసుకొని
ఆటోల నా పక్కన కూసోకుండ
డ్రైవర్ పక్కన ఇరికిండు.
పదకొండేండ్ల పాత అల్లున్ని నేను,
ఇంకా నా ముందల కుర్చీల కూసోడు.

మందమర్రిల ముప్పై రెండేండ్లు
బాయిల టింబర్‌మన్ మా ఓదెలు మామ.
కప్పు కింద దిమ్మె నిలబెట్టే ముందు
కట్టెతోని తట్టి, చెవివెట్టి వినుడే ఆయన చదువు.
గట్టి రాయి ఖంగుమంటది.
ఊడివడే రాయి డప్పు లెక్క మోగుతది.
గంతే తేడా.
గా తేడా మీదనే మా ఇంటామె పెరిగింది,
డిగ్రీ దాంక చదివింది, నాకు దొరికింది.

గోపాల్‌పూర్ల రెండర్రల కిరాయిల్లు మాది,
రంగులేసి నెల కాలే.
తలుపు పక్కన ఒకకాడ ఆగి
"ఈడ బోలున్నది" అన్నడు.
"ఓనర్‌కు చెప్పకు మామా, బాగుచేసి కిరాయి పెంచుతడు" అన్న.
నవ్విండు.
నా ముందల నోరు తెరిచి నవ్వుడు గదే మొదలు.

ఇగ పిల్లలకు పని దొరికింది.
మా మనస్వి చపాతి కర్ర పట్టుకొని
బియ్యం డ్రమ్ము తట్టింది, ఫ్రిజ్ తట్టింది,
పుచ్చకాయ తట్టి
"తాతా, ఇది పండిందా, మీద పడ్తదా?" అన్నది.
నిహాల్‌గాడు నా నెత్తి తట్టి
"బోలు" అని తీర్పు చెప్పిండు.
వంటింట్ల తల్లీబిడ్డలు ఒక్కటే నవ్వు.

అత్త వచ్చినకాడి నుంచి గిన్నె వదల్లే.
అంచులకు పిండి ఒత్తుతది,
ఏలుతోని బొక్కలు పెడ్తది,
బొక్కబొక్కకు చుక్క నూనె.
ఆమె సర్వప్ప అంటది.
నేను తపాలచెక్క అంట, మా అమ్మ నేర్పిన మాట.
ఒక్క పిండికి రెండు పేర్లు,
నడుమ మూడు గంటల రైలు.
పిల్లలు మూడో పేరు పెట్టిన్రు: బొక్కల పిజ్జా.
కొమురమ్మత్త గా పేరును రెండుసార్లు నోట్లె తిప్పి చూసుకొని
"ఏమాయె, బాగనే ఉన్నది" అన్నది.

పొద్దుగాల నాలుగున్నరకే మామ లేస్తడు,
సైరన్ లేని ఊర్ల సైరన్ విని.
రిటైరై తొమ్మిదేండ్లాయె, చెవులకు ఇంకా చెప్పినోళ్లు లేరు.
నేనూ లేచి చాయ పెట్టిన.
మోటర్లు చుట్టే పని నాది.
రాగితీగె, వార్నిషు, మసి.
"కాలిన మోటరు ఎట్ల గుర్తువడ్తవ్ అల్లుడా?"
"వాసన చూస్త."
"వాసననా!" అన్నడు,
గ్లాసు కింద పెట్టిండు,
మెట్ల మీద, నా పక్కన, కూసున్నడు.
నేను కదల్లే,
కదిల్తె లేస్తడేమోనని.

మంగళారం పోతమన్నరు.
మంగళారం బిడ్డ ఇంట్లకెల్లి ఎట్ల ఎల్తమని అత్తనే మాట మార్చింది.
బుధారం గాలివాన.
బేస్తారం టికెట్ తెస్తనని పోయి
స్టేషన్ దాంక పోకుండనే తిరిగొచ్చి
మస్తు లైనున్నది అన్న.

ఇయ్యాల మధ్యానం
చాప మీద మామ నిద్రవోతాండు.
మనస్వి కర్ర పక్కకు వెట్టి
ఏళ్ల కణుపులతోని
తాత ఎదను తట్టింది. చెవివెట్టింది.
లోపల ముప్పై రెండేండ్ల బొగ్గుదుమ్ము
గుర్రుగుర్రుమంటాంది.
దర్వాజకాడ నేను ఊపిరి బిగవట్టిన.
"ఎట్లున్నది బిడ్డా?"
కండ్లు తెరవకుండనే అడిగిండు.
పోరి ఇంకోసారి తట్టింది.
"ఖంగుమంటలేదు. డప్పు గూడ గాదు.
నాకు సమజైతలేదు తాతా,
ఇంకో నాలుగొద్దులు వినాలె."

మామ జరిగి
చాప మీద దానికి జాగిచ్చిండు.